నలభై ఒకటో కాగితం

మావిస్ టర్వీ మెట్లెక్కి వచ్చేసరికి డోరీన్ హాక్‌బీ టీ కలుపుతోంది. తలుపు చప్పుడుకు తిరిగి చూసి, చేతిలో చెంచా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వచ్చినామెకు నలభై ఆరేళ్లుంటాయి. మెడకు చుట్టుకున్న స్కార్ఫు జారిపోయింది. దాని కింద వేలెడు వెడల్పున నల్లటి గీత. గీతకు రెండు పక్కలా చర్మం లేచిపోయి, నెత్తురు ఎండి అట్టకట్టింది. ఎడమ కన్ను తెల్లగుడ్డంతా ఎర్రగా కమిలి ఉంది.

"పెన్రీ గారున్నారా?" అంది. అది గొంతులా లేదు, పగిలిన గొట్టంలోంచి గాలి వస్తున్నట్టుంది.

లోపలి గదిలోంచి ఇద్రిస్ పెన్రీ లేచి వచ్చాడు. వేల్స్ బొగ్గు గనుల ఊళ్ళో పుట్టి, ఇరవై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఆపైన కోవెంట్రీలో సొంతంగా కేసులు పట్టుకుంటున్న మనిషి. అరవై దాటాడు. పెద్ద చెవులు, పొట్టి కాళ్లు. ఆ ఊళ్ళో అతన్ని మించిన బుర్ర లేదని ఆరేళ్లుగా డోరీన్ నమ్మకం. ఆ మాట అతని ముఖాన మాత్రం ఎప్పుడూ అనలేదు.

"కూర్చోండమ్మా. డోరీన్, ఆ టీలో చక్కెర కాస్త ఎక్కువ వెయ్యి. ఈమె మింగగలిగినంత మెల్లగా తాగనీ. మీరు నిన్న కోపిన్ వేలంశాలలో దొరికిన ఆవిడే కదూ?"

"అవునండీ. ఇన్‌స్పెక్టర్ బాల్‌డ్రీ రేపు నన్ను తీసుకెళ్తాడు. సిరిల్ స్ప్రాగ్‌ను నేనే చంపానంటున్నాడు." ఆమె కప్పు రెండు చేతులతో పట్టుకుంది. టీ ఒలికి ఒళ్ళో పడింది. "ఆ ముసలాయన నాకున్న ఒకే ఒక్క స్నేహితుడండీ."

పెన్రీ తొందరపెట్టలేదు. ఆమె ఆగి ఆగి చెప్పింది. డోరీన్ పుస్తకం తెరిచి రాసుకుంది.

మావిస్ తండ్రి ఆల్ఫ్ టర్వీ హార్విక్ మోటార్ కంపెనీలో కార్లు నడిపి పరీక్షించే డ్రైవరు. 1957 మార్చిలో అతను నడుపుతున్న కొత్త కారు బస్‌స్టాపులోకి దూసుకుపోయింది. అక్కడ నిలబడ్డ, వాల్టర్ పిమ్ అనే ఆయన భార్య, నాలుగేళ్ల కూతురు గోడకూ కారుకూ మధ్య నలిగి చచ్చిపోయారు. ఆల్ఫ్ కూడా పోయాడు. ఒంటి మీద విస్కీ వాసన గుప్పుమంది. తాగి నడిపి తల్లీపిల్లల్ని చంపాడని ఊరంతా అంది. ఆల్ఫ్ చుక్క ముట్టడని అతని భార్య చెబితే ఎవరూ వినలేదు. ఆమె కిటికీలోంచి ఇటుకలు పడ్డాయి.

"అప్పుడు నాకు పదిహేడు. కారులోనే లోపం ఉండి ఉంటుందని అమ్మ అనేది. కంపెనీ మూతపడింది, ఎవర్ని అడుగుతాం? అందుకే ఇరవై ఏళ్లుగా హార్విక్ కాగితం ప్రతి ఒక్కటీ కొంటున్నా. వేలాల్లో బ్రోషర్లు, రిపేరు పుస్తకాలు, బ్యాడ్జీలు. బడి వంటగదిలో ప్లేట్లు కడిగి వచ్చిందంతా వాటికే. లోపం కనిపెట్టినప్పుడల్లా కంపెనీ డీలర్లకు నెంబరు వేసి ఒక సర్వీసు కాగితం పంపేది. ఒకటి నుంచి అరవై దాకా. నా దగ్గర మూడు ఫైళ్లున్నాయి. మూడింట్లోనూ నలభై ఒకటి లేదు. నలభై ఒకటి 'ఎ' ఉంటుంది. తలుపు పిడి గురించి."

"అసలు నలభై ఒకటిని కంపెనీ వెనక్కి తెప్పించుకుందన్నమాట."

"అదేనండీ! సిరిల్ వేలంశాలలో అమ్మకానికొచ్చిన సామాన్ల, అంటే లాట్ల, జాబితా రాసేవాడు. పోయిన వారం ఫోన్ చేశాడు. హెర్‌ఫర్డ్‌లో ఒక గ్యారేజీ యజమాని 1957 ఫిబ్రవరి చివర్లో చనిపోతే, ఆయన ఫైలు రేకు పెట్టెలో అటక మీద ఉండిపోయిందట. 'మావిస్, ఇందులో నలభై ఒకటి ఉంది. ఫోన్లో చదవను, వచ్చి నీ కళ్లతో చూడు' అన్నాడు."

లాట్లు చూసుకోవడానికి జనాన్ని రానిచ్చే రోజున, అంటే నిన్న ఉదయం పదకొండింటికి, ఆమె సామాన్ల గదికి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది.

"కింద ఉన్నాడు. తల వెనకభాగం లోపలికి దిగబడిపోయింది. కళ్ళద్దాలు ముఖంలోకి గుచ్చుకుపోయాయి. పక్కన కారు స్టార్ట్ చేసే ఇనుప హ్యాండిల్. దాని కొసకు తెల్ల వెంట్రుకలు... అరుద్దామనుకున్నా. వెనక నుంచి ఏదో మెడ మీద పడింది. రబ్బరు. ఫ్యాన్ బెల్టు. మోకాలు నా వీపులో పెట్టి లాగాడు. కళ్ళ ముందు అంతా ఎర్రబడింది. మడమతో వాడి పాదం మీద తొక్కా, మళ్ళీ తొక్కా. వాడు మూలగలేదు. ఒక్క మాట లేదు. బయట నుంచి కోపిన్ గారు సిరిల్‌ను పిలిచారు. అంతే, బెల్టు వదిలేసి వెనక తలుపులోంచి పోయాడు. నేను సిరిల్ మీదే పడ్డా."

ఫైలు బల్ల మీదే ఉందనీ, అందులో నలభై ఒకటో కాగితం ఒక్కటే లేదనీ పోలీసులు తర్వాత చెప్పారు.

"బాల్‌డ్రీ ఏమంటాడంటే, ఆ కాగితం కోసం నేనే సిరిల్‌తో కొట్లాడానట. సిరిల్ నా మెడకు బెల్టు వేస్తే నేను హ్యాండిల్‌తో కొట్టానట."

పెన్రీ లేచి, "ఒక్కసారి, తప్పుగా అనుకోకండి" అని ఆమె జుట్టు పైకెత్తి మెడ వెనక చూశాడు. "బెల్టు కొసలు మెడ వెనక ఒకదాన్నొకటి దాటాయి. మీ వెనక నిలబడి లాగినవాడి తల వెనకభాగాన్ని మీరెలా పగలగొడతారు? డోరీన్, కోటు తీసుకో."

*

వేలంశాల యజమాని డెస్మండ్ కోపిన్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతులు రుద్దుకుంటూ ఉంటాడు. సామాన్ల గదిలో నేల కడిగారు గానీ పలకల సందుల్లో నెత్తురు ఇంకా నల్లగా ఉంది. డోరీన్ కాలు పక్కకు పెట్టుకుంది.

"నలభై ఏళ్ల వ్యాపారంలో ఇలాంటిది చూడలేదండీ" అన్నాడు కోపిన్. "ఆ రోజు పొద్దున గెర్రీ లష్ వచ్చి సిరిల్ కాలరు పట్టుకున్నాడు. వాడు అమ్మకానికి పెట్టిన బ్రోషర్లు నకిలీవని సిరిల్ తిప్పి పంపాడు. 'నీ బుర్ర పగలగొడతా' అన్నాడు. పదిమంది విన్నారు."

"ఆ ఫైలును, అంటే ఎనభై ఏడో లాటును, ఎవరు అమ్ముతున్నారో ఎవరెవరికి తెలుసు?"

"నాకూ సిరిల్‌కూ. అమ్మేవాళ్ల ఊరూ పేరూ మేం బయటపెట్టం. పోలీసులు పత్రికలకు కూడా చెప్పలేదు. జాబితాలో 'హార్విక్ డీలరు ఫైలు, ఒకటి' అనే ఉంది."

వాళ్ల వెంట వచ్చిన మావిస్ చూస్తుండగా, ఇన్‌స్పెక్టర్ బాల్‌డ్రీ విసుగ్గానే ఫైలు చూపించాడు. దళసరి అట్టల మధ్య కాగితాలు, వాటిని కలిపి బిగించిన రెండు ఇత్తడి మరలు. అట్టకు కట్టిన చీటీ మీద స్ప్రాగ్ చేతిరాత: 'మరలు రావడం లేదు. బలవంతం చేయవద్దు.'

పెన్రీ జేబులోంచి రెండు పెన్నీల నాణెం తీసి మర గాడిలో పెట్టి ఎడమవైపు తిప్పాడు. కదల్లేదు. గట్టిగా తిప్పాడు. నాణెం జారి, మెత్తని ఇత్తడి మీద మెరిసే గీత పడింది.

"అటు కాదండీ" అంది వెనక నుంచి మావిస్. "కుడివైపు. మామూలు మరలకు ఇవి ఎదురు. మెకానిక్కులు కాగితాలు పీక్కుపోకుండా కంపెనీ కావాలనే అలా చేసింది. నాకు మొదటిసారి పూట పట్టింది."

కుడివైపు తిప్పగానే మర వెన్నలా వచ్చేసింది.

"చూశారా?" అన్నాడు బాల్‌డ్రీ. "ఈ గుట్టు తెలిసింది ఈమె ఒక్కదానికే. తన గొయ్యి తనే తవ్వుకుంటోంది."

పెన్రీ వినలేదు. భూతద్దంతో రెండు మరలనూ చూస్తున్నాడు. తను గీసిన గీత తప్ప ఇంకొక్కటి లేదు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. నలభైకీ నలభై రెండుకూ మధ్య చిరిగిన ముక్క కూడా లేదు.

"డోరీన్, కాళ్ల దగ్గర అప్పుడే చంపిన మనిషి. తలుపు తీసే ఉంది. కావలసింది ఒక్క కాగితం. నువ్వైతే ఏం చేస్తావు?"

"చింపేసి జేబులో కుక్కుకుని పారిపోతాను."

"నేనూ అంతే. వీడు మరలు విప్పి, కాగితం తీసి, మిగతావి సర్దిపెట్టి, మళ్ళీ బిగించాడు." భూతద్దం మడిచాడు. "అది రాసుకో."

*

గెర్రీ లష్ దుకాణం రైలు వంతెన కింద ఉంది. గోడలనిండా పాత కార్ల బ్యాడ్జీలు, రేకు బోర్డులు. మనిషి ఎద్దులా ఉన్నాడు. పెన్రీ పేరు చెప్పీ చెప్పకముందే వచ్చి ఛాతీకి ఛాతీ ఆనించాడు.

"ఏంటి తాతా, నువ్వు కూడా నా మీద పెట్టడానికొచ్చావా?"

"మీ బ్రోషర్లు నకిలీవేనా?"

దెబ్బ ఎప్పుడు వచ్చిందో డోరీన్ చూడలేదు. పెన్రీ వెనక్కి పడి, పాత హెడ్‌లైట్ల బుట్టను గుద్దుకుని కూలబడ్డాడు. పెదవి చీలి నెత్తురు గడ్డం మీదికి కారింది. డోరీన్ చేతికి దొరికిన జాకీ రాడ్డు ఎత్తింది. "ఇంకో అడుగు వేశావంటే మోకాలి చిప్ప ఉండదు నీకు" అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

లష్ ఆమెనూ రాడ్డునూ మార్చి మార్చి చూసి ఫక్కున నవ్వాడు. "అబ్బో, గట్టి ఆవిడే!" పెన్రీకి చెయ్యిచ్చి లేపాడు. "వినండి. నేను కొట్టేదుంటే ముందు నుంచి కొడతా. ముసలాణ్ణి వెనక నుంచి ఎందుకు కొడతాను? పదకొండింటికి పెరట్లో వ్యాను దగ్గరే ఉన్నా, బేకన్ రొట్టె తింటూ."

"వెనక తలుపులోంచి ఎవరైనా పరిగెత్తారా?"

"పరిగెత్తితే కాలు అడ్డం పెట్టి పడేసేవాణ్ణి. ఎవరూ పరిగెత్తలేదు. హార్విక్ క్లబ్బు ముసలాళ్లు ఇద్దరు ముగ్గురు జాబితాలు చంకలో పెట్టుకుని మెల్లగా నడిచెళ్లారు."

వీధిలోకి వచ్చాక పెన్రీ పెదవికి రుమాలు అదుముకున్నాడు. "మంచి దెబ్బ. కోపం వస్తే ఆగలేడు, చెయ్యే ముందు లేస్తుంది. వీడు మరలు మళ్ళీ బిగిస్తాడా?"

*

హ్యూబర్ట్ ఓక్‌డెన్ ఒకప్పుడు హార్విక్ కంపెనీ చీఫ్ ఇంజనీరు. ఇప్పుడు ఆ కార్లున్నవాళ్ల క్లబ్బుకు అధ్యక్షుడు. వయసు డెబ్బై. వాళ్లు వెళ్ళేసరికి ఇంటి ముందు తన ఆకుపచ్చ హార్విక్ కారుకు హ్యాండిల్ పెట్టి తిప్పుతున్నాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

"రోజూ ఇదే నా వ్యాయామం" అన్నాడు నవ్వుతూ. తలుపుకు ఆనించిన చేతికర్ర అందుకుని, కొంచెం కుంటుతూ లోపలికి తీసుకెళ్ళాడు. "గౌటు, కీళ్ల జబ్బు. వయసు."

గదినిండా అరలు. 1930ల నుంచి ప్రతి హార్విక్ బ్రోషరూ పలచని కాగితపు సంచుల్లో, సంవత్సరాల వారీగా ఉంది. ఒక మూల ఎర్ర అట్టల సర్వీసు ఫైళ్లు. డోరీన్‌కు ముచ్చటేసింది. ఆయన స్వయంగా టీ పోసి, సీడ్ కేకు కోసి పెట్టాడు.

"ఆ కాగితాలు మీరే రాసేవారా?"

"ప్రతి దాని మీదా నా సంతకమే. కొత్తది వచ్చినప్పుడల్లా ఈ ఫైళ్లలో నా చేత్తో నేనే చేర్చేవాణ్ణి. పదకొండేళ్లు. గుమాస్తాలను ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు."

"నలభై ఒకటో కాగితంలో ఏముండేది?"

"ముప్పై ఏళ్లయింది బాబూ. ఏదో తలుపు పిడి." ఆయన తల ఊపాడు. "పాపం ఆ స్ప్రాగ్. హెర్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఒక పాత పెట్టె మనిషి ప్రాణం తీసింది. జాబితాలో చూసి ఆ ఫైలు క్లబ్బుకు కొందామనుకున్నా."

తిరుగుదారిలో డోరీన్ అంది: "ఎంత పెద్దమనిషండీ! మన ఆఫీసులో కాగితాలు కూడా అలా సర్దితే బాగుండు."

పెన్రీ కారు పక్కకు ఆపించాడు. "నీ పుస్తకంలో ఆఖరి పేజీ చదువు. పైకి."

ఆమె చదివింది. ఒక మాట మీద వేలు పెట్టి ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"బాల్‌డ్రీకి ఫోన్ చెయ్యాలి" అన్నాడు పెన్రీ.

*

మర్నాడు ఉదయం పదింటికి వేలం హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. ముందు వరసలో మాత్రం మావిస్, కోపిన్, లష్, ఓక్‌డెన్. తలుపు దగ్గర బాల్‌డ్రీ, ఒక కానిస్టేబులు. బల్ల మీద మావిస్ సొంత ఫైళ్లలో ఒకటి.

"చంపినవాడికి ఈ ఫైలు గుట్టు తెలుసు" అన్నాడు పెన్రీ. "అంతకంటే ముందుగా ఏం చెప్పను. ఒక్కొక్కరూ వచ్చి ఇందులోంచి ఒక కాగితం తీసి ఇవ్వండి. ఇదిగో నాణెం."

కోపిన్ ఎడమవైపు తిప్పి, గీత పెట్టి, క్షమాపణ చెప్పుకున్నాడు. లష్ రెండుసార్లు తిప్పి బూతు తిట్టి, అట్ట చింపబోతుంటే ఆపవలసి వచ్చింది. మావిస్ వచ్చింది. బాల్‌డ్రీ వైపు ఒక చూపు చూసి, కుడివైపు తిప్పి కాగితం తీసి ఇచ్చింది.

ఓక్‌డెన్ కర్ర మీద ఆనుకుని వచ్చాడు. నాణెం ఎడమవైపు తిప్పాడు. మళ్ళీ ఎడమవైపే. మూడోసారి కూడా. "ముసలి వేళ్లు" అన్నాడు నవ్వుతూ. "ఎప్పుడో మరిచిపోయాను. నా వల్ల కాదు."

"ధన్యవాదాలు" అన్నాడు పెన్రీ. "మొదటి ఇద్దరికీ తెలియదు, తప్పు చేశారు. మావిస్‌కు తెలుసు, తెలుసని తెలిస్తే ఉరి బిగుస్తుందని కూడా తెలుసు, అయినా దాచలేదు. మీరు పదకొండేళ్లు ఈ మరలు మీ చేత్తోనే విప్పి బిగించానన్నారు. మిస్ హాక్‌బీ రాసుకుంది. తెలిసిన పని తెలియనట్టు నటించవలసిన అవసరం ఈ గదిలో ఒక్కరికే ఉంది."

ఓక్‌డెన్ నవ్వు అలాగే ఉంది. "ఇది సాక్ష్యమా?"

"పెట్టె హెర్‌ఫర్డ్ నుంచి వచ్చిందని కూడా మీరే అన్నారు. జాబితాలో ఆ ఊరి పేరు లేదు. స్ప్రాగ్ మావిస్‌కు ఫోన్ చేసినట్టే, క్లబ్బు అధ్యక్షుడని గౌరవంతో మీకూ చేశాడు. మీ పాదానిది గౌటు కాదు, ఆమె మడమ దెబ్బ. రోజూ హ్యాండిల్ తిప్పే చెయ్యి స్ప్రాగ్ తల మీద ఎన్ని దెబ్బలు వేసిందో డాక్టరు చెప్పాడు. నాలుగు. మొదటి దానికే పోయాడట."

"కాగితం ఏదీ? కాల్చేశానంటారా?"

"లేదు. శవం పక్కన నిలబడి మరలు తిరిగి బిగించినవాడు కాగితం కాల్చలేడు. ఇరవై తొమ్మిదేళ్లుగా మీ సెట్టులో ఒక్కటి తక్కువ. కంపెనీ పంపిన నకళ్లన్నీ వెనక్కి తెప్పించి తగలబెట్టించారు, మీదాంతో సహా. దొరికాక మళ్ళీ తగలబెట్టడానికి మీకు చేతులు రాలేదు. ఈ నిమిషంలో పోలీసులు మీ అరల దగ్గర ఉన్నారు."

కర్ర గాల్లోకి లేవడం డోరీన్ చూసింది. అది పెన్రీ కోసం కాదు. మావిస్ పక్కకు ఒరిగేలోపు భుజం మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది. రెండోసారి లేచిన కర్రను లష్ గాల్లోనే పట్టుకుని, ముసలాయన్ని బల్ల మీదికి విసిరికొట్టాడు. ఓక్‌డెన్ ముక్కు చితికింది. ఇద్దరు ముగ్గురు మీద పడినా అదిమి పట్టలేనంతగా కొట్టుకున్నాడు.

"నాలుగు వందల కార్లు!" అని అరిచాడు, నోట్లోంచి నెత్తురు చిమ్ముతూ. "నాలుగు వందలు తయారై గేటు దగ్గర ఉన్నాయి! బ్రేకు గొట్టం గురించి బయటికొస్తే కంపెనీ ఆ వారమే పోయేది. మళ్ళీ ఒక్కసారి నడిపి చూడమన్నా టర్వీని, అంతే. ఒక్కసారి!"

మావిస్ విరిగిన భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"విస్కీ?" అంది.

ఆయన ఆమె వైపు చూడలేదు. "వెనక కారులో నేనే ఉన్నా. ముందుగా దిగింది నేనే. సీసా నా జేబులో ఉంది."

"మా నాన్న అప్పటికే పోయాడా?"

బాల్‌డ్రీ బేడీలు వేస్తుంటే, "అప్పటికింకా మాట్లాడుతున్నాడు" అన్నాడు ఓక్‌డెన్ నేలకేసి చూస్తూ. "నోట్లో పోశా. మాట్లాడటం ఆగింది."

లష్ ముందుకు కదిలాడు. పెన్రీ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. లష్‌ను ఆపడానికి పెన్రీకే మనసు రావడం లేదని డోరీన్‌కు అనిపించింది.

*

కాగితం ఓక్‌డెన్ మూడో ఫైలులో, నలభై ఒకటి 'ఎ' వెనకే, పలచని సంచిలో దొరికింది. తేదీ 1957 ఫిబ్రవరి 11. బ్రేకు గొట్టం స్టీరింగు కడ్డీకి రాసుకుని తెగుతోందనీ, కార్లు అమ్మకుండా ఆపాలనీ నాలుగే వాక్యాలు. అడుగున: 'లోపం గుర్తించినది, టెస్ట్ డ్రైవర్ ఎ. టర్వీ.'

మావిస్ ఆ ఆఖరి వాక్యం ఎన్నిసార్లు చదివిందో డోరీన్ లెక్కపెట్టలేదు.

రెండు వారాల తర్వాత, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, మావిస్ అడిగితే డోరీన్ ఆమెను కారులో ఫోల్స్‌హిల్ వైపు తీసుకెళ్ళింది. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఒక వరస ఇళ్ళలో చివరిదాని తలుపు కొట్టింది. డోరీన్ కారులోనే ఉండి అద్దం దించింది.

ఆ బస్‌స్టాపు దగ్గర భార్యనూ కూతుర్నీ పోగొట్టుకున్న వాల్టర్ పిమ్‌కు ఇప్పుడు అరవై ఐదేళ్లుంటాయి. ఆమె ఎవరో తెలిసి ముఖం గట్టిపడింది. "మీవాళ్ల గొంతు మళ్ళీ ఈ గుమ్మంలో వినకూడదని మీ అమ్మతో చెప్పానే."

మావిస్ కాగితం నకలు ఇచ్చింది. అతను కళ్ళద్దాల కోసం జేబులు తడుముకున్నాడు, దొరకలేదు, కాగితాన్ని చెయ్యంత దూరం పెట్టుకుని చదివాడు. వాన దాని మీద పడి కాగితం మెత్తబడుతోంది. అతను దాన్ని లోపలికి తీసుకోలేదు.

"మీ అమ్మ ఉందా?" అన్నాడు.

"లేదండీ. పద్నాలుగేళ్లయింది."

"ఆ ఇటుకలు వేసింది నేనే."

"తెలుసండీ. అమ్మకి కూడా తెలుసు."

వాల్టర్ పిమ్ టోపీ తీశాడు. బట్టతల మీద వాన పడుతుంటే, మెట్టు దిగి, చెప్పులు లేని కాళ్లతో ఆమెకు ఎదురుగా తడిసిన రోడ్డు మీద వచ్చి నిలబడ్డాడు.